శరత్కాలపు చదువు
(జాలరిపేటలో తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



దసరా సెలవులు ముగిసినవి. మబ్బులు విడి ఆకాశము తేటపడినది. బడి మరల తెరచినారు. కాని ప్రతియేటను ఈ సెలవుల తరువాతనే కొన్ని బల్లలు ఖాళీ యగుచుండుట మనమెరుగుదుము. వేట సాగు దినములు గనుక మగపిల్లవాడు ఒడ్డున పనికివచ్చును. తల్లి చేపల గంప నెత్తికెత్తుకొనగానే చంటివానిని చూచుటకు ఆడపిల్ల కావలసివచ్చును. అట్లు నిలిచిపోయిన బిడ్డ ఈ మూడు నెలలలో ఏమి కోల్పోవుచున్నదో చెప్పుటకే మేము మీ యెదుట నిలిచితిమి.

మొదట గణితము. నాలుగు, అయిదు తరగతులలో భాగహారము, భిన్నములు, తూనికలు నేర్పుదురు. ఒక పడవ తెచ్చిన చేప వేలములో 7,200 రూపాయలకు పోయినదనుకొందము. చమురునకు, మంచునకు 2,400 తీసివేయగా, మిగిలినదానిలో సగము పడవకును వలకును; తక్కిన సగము నలుగురు కళాసీలకు. ఒక్కొక్కనికెంత? ఆరువందలని చెప్పగల బిడ్డ యింటనున్నచో ఆ తండ్రిని లెక్కలో మోసగించుట ఎవరి తరము?

పిమ్మట పరిసరముల విజ్ఞానము. శరత్తునందు నైరుతి ఋతుపవనము వెనుదిరుగును. మన తీరము వెంబడి ప్రవాహము దక్షిణమునకు మరలును. వేసవిలో కాగిన సముద్రము ఇంకను వెచ్చగనే యుండుటచే బంగాళాఖాతమున తుపానులు పుట్టు కాలమిదియే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు 170 కిలోమీటర్లకు తగ్గని గాలితో మన విశాఖపైననే తీరము దాటినది. నేడు ఈ బడిలోని పసివారు అప్పటికి పుట్టియుండలేదు. అవ్వను, తాతను అడిగి ఆనాటి సంగతి వ్రాసికొని రమ్మన్నచో, అదియే చరిత్ర పాఠము. రేవులో ఎగురవేయు ప్రమాద సంకేతముల సంఖ్యను చదివి అర్థము చేసికొనుట నేర్పినచో, అదియే ప్రాణరక్షణ పాఠము.

భాషమాట యేమి? పోటు, పాటు, కవ్వలు, కానాగంతలు, వంజరము, చందువ — ఈ మాటలతో బిడ్డ బడికి వచ్చుచున్నది. వానిని మొరటుమాటలని నవ్వక, వానినే మొదట పలకపై వ్రాయింపవలెను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించిరి. మన బిడ్డలకు మన పేట తెలుగు అంతకన్న దూరమైనదా?

ఇది క్రొత్త బోధ కాదు. 1937వ సంవత్సరమున, ఇట్టి శరత్కాలముననే, అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో గాంధీమహాత్ముని యధ్యక్షతను విద్యాసభ జరిగినది. చేతిపనిని కేంద్రముగా నుంచుకొని, తక్కిన చదువును దానితో ముడివేసి, మాతృభాషలో నేర్పవలెనని ఆ సభ తీర్మానించినది. అచ్చట రాట్నమెట్టిదో ఇచ్చట వల అట్టిది.

“అట్లయిన వాడు మాతోనే నేర్చుకొనును, బడి యేల?” అని తండ్రు లడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. గాలివాటు, నీటిరంగు చూచి చేపజాడ చెప్పు విద్య మీది. ఆ విద్య మాకు లేదు. కాని మేము వకీలు వృత్తిలో నున్నవారము. సముద్రమును చదువగలిగియు కాగితమును చదువలేక, అప్పుపత్రముపై వ్రేలిముద్ర వేసి, పడవను పోగొట్టుకొన్నవారి కన్నీరు చూచితిమి. అలను గెలిచినవాడు అక్షరమునకు ఓడిపోవుట మాకు సహింపరానిదిగ నున్నది.

చట్టము మాటయు వినుడు. 1950 నాటి రాజ్యాంగము పదునాలుగేండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్యను పదియేండ్లలో సమకూర్పవలెనని ప్రభుత్వమునకు చెప్పినది. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 2002లో అది ప్రాథమిక హక్కుగా చేర్చబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. ఒకటి మొదలు అయిదు తరగతుల వరకు ఏటికి 200 పనిదినములు బడి నడువవలెను. నడుమ మానిన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేకముగా చదువు చెప్పవలెను. బడివేళ ముగిసిన పిదప, సెలవులలో, అపాయము లేని యింటిపనికి బిడ్డ సాయపడవచ్చును. బడివేళ మాత్రము బడిదే. హక్కు బిడ్డది, విధి మనది.

కావున ఉపాధ్యాయులకు మా మనవి: వారమున కొకనాడు తరగతిని ఒడ్డునకు తీసికొని రండు, వలకుట్టు వృద్ధుని గురువుగా కూర్చుండబెట్టుడు. తండ్రులకు మా మనవి: వేట నుండి వచ్చినంతనే బిడ్డచేత ఆనాటి లెక్క వ్రాయింపుడు. తల్లులారా! మూడేండ్లు నిండిన చిన్నవానిని చూచుటకు అంగన్వాడీ కలదు. ఆ పనికై ఆడపిల్ల చదువును బలియీయకుడు. బడి మానిన బిడ్డల యిండ్లకు ప్రతి ఆదివారము వచ్చి పిలుచుట మా వంతు. ఆ పని మేము నేటినుండియే ఆరంభింతుము.

కార్తిక పూర్ణిమ నాటికి ఆ ఖాళీ బల్లలు నిండవలెను.