ఉంగరమునకు ముందు పలికిన మాట



రాయలసీమలో పుట్టిన పిల్ల గోదావరి యొడ్డున కోడలై వచ్చును. అత్తగారు ఆనపకాయ యందురు. కోడలు సొరకాయ యనును. తెలంగాణపు పిల్ల పుంటికూర యన్నచో, గోంగూరకు ఆ పేరేమని నవ్వుదురు. కాయ యొకటే, ఆకు నొకటే. అయినను "మీ వైపు అంతేనా?" యను నొక్క మాటతో ఇల్లు రెండగును. ఇట్టిచోట మాట కలుపు విధమును వాల్మీకి మహర్షి సుందరకాండమున చూపెను. దానిని పారాయణమునకే గాక ఈ దృష్టితోను చదువవలెను.

అశోకవనమున హనుమంతుడు శింశుపావృక్షముపై దాగియున్నాడు. క్రింద సీత. రావణుడు రెండు మాసముల గడువు విధించి పోయెను. రాక్షసస్త్రీలు చుట్టును చేరి బెదరించుచున్నారు. ఆమె తన జడనే ఉరిత్రాడుగా చేసికొని ప్రాణము విడువ నెంచినది. మాటాడకున్న ఆమె దక్కదు. మాటాడినచో బెదరి కేక వేయును, రాక్షసులు మూగుదురు, వచ్చిన పని చెడును.

అప్పుడతడు, ఏ భాషలో పలుకవలెనని యోచించెను. పండితునివలె సంస్కృతము పలికినచో రావణుడే యని ఆమె భయపడును. కావున సామాన్య మానవుల మాటలో పలుక నిశ్చయించెను. అది కోసలదేశపు వాడుక మాట యని వ్యాఖ్యాత లందురు. కోతిబుద్ధి యను నానుడిని ఎవరు పుట్టించిరో గాని, వారీ సర్గమును చదివియుండరు.

నోరు విప్పి తన సంగతి చెప్పలేదు; ఆమె మామగారగు దశరథుని కథ నెత్తుకొనెను. పిదప చెట్టు దిగి, శిరస్సున అంజలి ఘటించి, కన్నీటికి కారణమేమమ్మా యని యడిగెను. తాను పోల్చుకొనియు ఆమె కథను ఆమెచేతనే చెప్పించెను. అయినను అతడు దగ్గరకు జరిగినకొలది ఆమెకు అనుమానము పెరిగెను. మారువేషమున వచ్చిన రావణుడవేమో యనెను. సముద్రము దాటి వచ్చినవానికి ఎంత కష్టము తోపవలసిన మాట! అతడు కోపింపలేదు. సన్న్యాసి వేషము నొకమారు నమ్మి చెడిన ఇల్లాలు మరల నమ్ముటెట్లు? రాముని గుణములు చెప్పుమన్న చెప్పెను, గుర్తులడిగిన చెప్పెను, నరులకు వానరులకు స్నేహమెట్లు కుదిరెనన్న, ఋశ్యమూకమున ఆమె జారవిడిచిన నగల సంగతితో సహా వివరించెను.

ఇంతవరకును రాముని ముద్రిక అతని కడనే యున్నది! మొదటనే చూపిన పని తీరెడిదని తొందరపాటువారందురు. తీరెడిది కాదు. వేషము మార్చగలవాడు ఉంగరము దొంగిలింపలేడా? ఆమె ప్రశ్నలన్నియు ముగిసి, మనస్సు కుదుటపడిన పిమ్మటనే దానిని ఇచ్చెను.

మన యిండ్లలో జరుగునది తలక్రిందులు. కోడలు గడప దాటిన నాడే పెట్టిపోతల లెక్కయు, ఇంటి ఆచారముల పట్టికయు ముందు వచ్చును. "ఇక్కడ నీకెట్లున్నదమ్మా?" యను ప్రశ్నకు ఏడాది పట్టును.

అశోకవనమున తరువాత జరిగినది వినుడు. హనుమంతుడు ఆనవాలు కోరగా, చిత్రకూటమున కాకి చేసిన ఆగడమును, భార్యాభర్తల కిద్దరికే తెలిసిన ఆ ముచ్చటను, ఆమె అతనికి చెప్పెను. చెప్పి, వస్త్రమున ముడివైచి దాచుకొనిన చూడామణిని విప్పి అతని చేతికిచ్చెను.