సూదికి ముందు మాట
(పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పండితులు మాటలాడదగిన ఈ వేదికపై, ఆసుపత్రిలో రోగుల రక్తము తీయు బృందమును పర్యవేక్షించిన మమ్ము మాటలాడుమని కోరిరి. మా పని వినుటకు ముచ్చటైనది కాదు. తెల్లవాఱగనే సూదులతో వచ్చువారిని చూచి పిల్లలు ఏడ్తురు, పెద్దలు మొగము త్రిప్పుకొందురు. అయినను ఆ పనికిని ఈ బడిలో చెప్పు భాషకును దగ్గఱి సంబంధము కలదు. దానినే మనవి చేయుదుము.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడునంతవఱకు జయపుర సంస్థానము విశాఖపట్టణము జిల్లాలో నుండెను. 1992లో కోరాపుట్టు జిల్లానుండి రాయగడ వేఱుపడెను. ఎల్లలు మాఱినను జనులు కలిసియే యున్నారు. ఇచ్చట ఒక్క వార్డులోనే తెలుగు, ఒడియా, దేశియా, కువి, సవర మాటలు వినవచ్చును. వీనిలో కువి మన తెలుగునకు చెల్లెలివంటి ద్రావిడభాష. సవర వేఱొక కుటుంబమునకు చెందినది.

ఈ కొండసీమలో రక్తపరీక్ష నిత్యావసరము. జ్వరము వచ్చిన మలేరియా పరీక్ష తప్పదు. ఆ క్రిమి దోమయందు పెరుగునని రోనాల్డ్ రాస్ 1897లో కనుగొనినది మన సికింద్రాబాదులోనే. గర్భిణులకు రక్తహీనత చూడవలెను. సికిల్ సెల్ వ్యాధి నివారణకు 2023 జులై 1న జాతీయ కార్యక్రమము మొదలైనది. తల్లిదండ్రు లిరువురును ఆ లక్షణమును మోయువారైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాల్గింట ఒక పాలు అవకాశము కలదు. కావున ఒకరి రక్తముపై మఱియొకరి పేరుపడిన, ఆ పొరపాటు పెండ్లి సంబంధముల దాక పోగలదు. రక్త మెక్కించునెడ ఐతే ప్రాణమునకే వచ్చును. ఓ గ్రూపువానికి ఏ గ్రూపు రక్తమెక్కించిన, అతని దేహము ఆ రక్తకణములను నాశనము చేయును.

ఒక వర్షకాలమునాటి సంగతి చెప్పుదుము. మేము పనిచేసిన ఒకానొక ఆసుపత్రిలో స్త్రీల వార్డునందు ప్రక్కప్రక్క మంచములపై ఇద్దఱు లక్ష్ములుండిరి. ఒకామె తెలుగు గృహిణి. రెండవయామె కొండయూరినుండి వచ్చిన కువి స్త్రీ. మా బృందములోని యువకుడు ఒడియాలో "లక్ష్మి మీరేనా?" అని యడిగెను. ఇద్దఱును ఔననిరి. భర్త పేరు తానే చదివి యడుగగా, భాష తెలియని యా కొండయామె దానికిని తలయూపెను. అతడు గొట్టములకు చీటీలు ముందుగానే అంటించి తెచ్చుకొనియుండెను. ఒకరి రక్తము మఱియొకరి పేర పరీక్షాగారమునకు పోయెను.

కొండయామెకు రక్త మెక్కించుటకు ఏర్పాటు జరుగుచుండెను. రక్తనిధివారు నియమము ప్రకారము రెండవ నమూనా కోరిరి. రెండు నమూనాలును వేఱువేఱు గ్రూపులుగా తేలెను. ఆ నియమము లేకున్న ఏమి జరిగెడిదో తలచుకొన్న నేటికిని మాకు గుండె జల్లుమనును.

ఆ యువకుని తీసివేయవలెనని కొందఱనిరి. మే మతనిని పిలిచి, చీటీలు ముందే ఏల అంటించితివని యడిగితిమి. "తొమ్మిదిగంటలలోపల నలువది మందిని ముగించవలెనని మీరే కదా చెప్పితిరి" అనెను. మాకు జవాబు లేకపోయెను. అతని చేతికి తొందర నేర్పినది మేమే. తప్పులో పెద్దపాలు మాదియే యని యొప్పుకొని, పని పద్ధతిని మార్చితిమి.

మొదటిది: రోగి పేరు మనము చెప్పరాదు; రోగిచేతనే చెప్పించవలెను. పేరుతో పాటు తండ్రి లేక భర్త పేరు, ఊరు, వయస్సు అడుగవలెను. రెండవది: రక్తము తీసిన పిదప, మంచము విడువకముందే గొట్టమునకు చీటీ అంటించవలెను. మూడవది: భాష తెలియనిచో, తెలిసినవారు వచ్చునంతవఱకు సూది ముట్టరాదు. నాల్గవది: రెండుమార్లు నరము దొరకనిచో మూడవసారి పొడువక మఱియొకరిని పిలువవలెను. ఐదవది: తన పొరపాటు తానే వచ్చి చెప్పినవానిని తిట్టరాదు, తిట్టిన రేపటినుండి పొరపాట్లు దాగును, ఆగవు. నలువది మందికి మఱియొక గంట పట్టినది. ఆ గంటకు మేమెన్నడును చింతింపలేదు.

మాట యుపయోగము మఱియొకటి కలదు. తీసిన రక్తము తిరిగి రాదని, దానిని అమ్ముకొందురని భయపడువారు పెక్కుమంది. పెద్దవారి దేహమున నాలుగైదు లీటర్ల రక్తముండును. మేము తీయునది ఒక చెంచాడు, అనగా సుమారు వెయ్యవవంతు. ఈ మాట కొండభాషలో ఒక ఆయా చెప్పగా, మంచముక్రింద దాగిన ముసలమ్మ తానే వచ్చి చేయి చాపెను. అంతకుముందు మేము అరగంట బ్రతిమాలినను ఫలము లేకుండెను.

తల్లిదండ్రులారా! మనలో ఇంటిపేరు ముందు, పేరు వెనుక. ఒడియావారిలో పేరు ముందు, ఇంటిపేరు వెనుక. చీటీ వ్రాయువారు మన ఇంటిపేరునే పేరనుకొనుట కద్దు. కనుక ఆసుపత్రిలో మీ పేరును ఇంటిపేరును విడివిడిగా చెప్పుడు. చీటీపై నెట్లు వ్రాసిరో చదివించుకొనుడు. రక్తము తీయువారు మరల మరల పేరడిగిన విసుగుకొనకుడు. అడుగనిచో మీరే అడుగుడు: "ఆ గొట్టముపై ఎవరి పేరున్నది?" అని. మీ బిడ్డ తన పేరు, తండ్రి పేరు, ఊరు తెలుగునను ఒడియాలోను స్వయముగా చెప్పగలుగునట్లు నేర్పుడు.

ఈ బడిలో తెలుగు చదువుటవలన ఏమి లాభమని కొందఱడుగుచుందురు. జ్వరములో నున్న మనుష్యునికి నోట వచ్చునది తల్లిభాషయే. ఆ భాష తెలిసిన వారొకరు మంచముప్రక్క నుండవలెను. మన బిడ్డలలో కొందఱు రేపు నర్సులు, పరీక్షకులు కాగలరు. వారు తెలుగు మఱువక, ఒడియా బాగుగా నేర్చి, కువి మాటలు వినిన నవ్వక నాలుగు మాటలైనను నేర్చుకొనినచో, మా తరమువారు చేసిన పొరపాటు వారు చేయరు.