ఇది మా యింటి విషయము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కులాభివృద్ధినిగూర్చి మాటలాడవలసిన యీ వేదికపై ఐక్యరాజ్యసమితి ప్రసంగమేల యని మీలో కొందఱకు సందేహము కలుగవచ్చును. ఉదయమునుండి వసతిగృహ నిధినిగూర్చియు, ఉద్యోగములలో మన వంతునుగూర్చియు విని యలసియున్నారు. అయినను నా విషయము మనకు దూరమైనది కాదు. అది చెన్నపట్టణపు రేవున మొదలైనది.

1860వ సంవత్సరము అక్టోబరు మాసమున ఆ రేవునుండి ‘ట్రూరో’ యను నోడ బయలుదేఱి, నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. అందు 342 మంది యుండిరి. చెఱకుతోటలలో కూలిచేయుటకు ఒప్పందముమీద 1911 వఱకు నిట్లు నేటాలునకు పోయినవారు లక్షా యేబదివేలకు పైబడిరి. విశాఖపట్టణ ప్రాంతపు తెలుగువారు వారిలో ననేకులు. ఓడపట్టికలలో పేరు, తండ్రిపేరు, వయస్సు, గ్రామములతోపాటు కులమునకును ఒక గడి గీసియుంచిరి. తోటదొరకు మాత్రమా గడితో పనిలేకపోయెను. ఏ కులమువాడు దిగినను వాని కన్నులకు కూలివాడే. ఇక్కడ మనము తరతరములుగా లెక్కించుకొన్న హెచ్చుతగ్గు లక్కడ ఒక్కదినములో చెల్లని కాసులైనవి!

1946లో ఆ దేశప్రభుత్వము భారతీయు లెచ్చట భూమి కొనవచ్చునో, ఎచ్చట నివసింపవచ్చునో హద్దులు విధించుచు శాసనము చేసెను. అప్పటికి మనకు స్వాతంత్ర్యము రాలేదు. అయినను భారతదేశము ఐక్యరాజ్యసమితిలో అభియోగము దాఖలుచేసెను. శ్రీమతి విజయలక్ష్మీ పండితుగారు మన పక్షమున వాదించిరి. జనరల్ స్మట్సుగారి సమాధానము మిక్కిలి సులభమైనది: ఇది మా యింటి విషయము, ఇతరులు జోక్యము చేసికొనరాదని సమితి నిబంధనపత్రములోని రెండవ అధికరణమే చెప్పుచున్నది. మానవుల మూలహక్కులను పేర్కొను ఆ పత్రపు పీఠికకు తొలి చిత్తు వ్రాసినవారిలో ఆయనయే ముఖ్యుడని మీరు మఱవకుడు.

డిసెంబరు 8వ తేదీన సర్వప్రతినిధిసభలో మనకు 32, ఎదురుగా 15 వోట్లు వచ్చినవి, ఏడుగురు తటస్థులు. మూడింట రెండువంతులకు సరిగా సరిపోయినది. మన పక్షమువారిలో ఒక్కరు ఎదుటి పక్షమునకు మరలినను తీర్మానము వీగిపోయెడిది.

దానివలన నేమి లభించెను? వెంటనే యేమియు లభింపలేదు. ఆ దేశము తీర్మానమును లక్ష్యపెట్టలేదు. 1948లో అధికారమునకు వచ్చిన పక్షము వర్ణవివక్షను మఱింత బిగించెను. సమితికి ఇంటింటికి పంపుటకు బంటులు లేరు. కాని ఒకమారు సభలో కెక్కిన ప్రశ్న మరల దిగలేదు. 1974లో ఆ దేశ ప్రతినిధులను సభలో పాల్గొననీయలేదు. 1994లో అక్కడి ప్రజలందఱును వోటు వేసిరి. ఆ జయము ప్రధానముగా ఆ దేశములో చెఱలకు పోయినవారిది. బయటి సభల మాట వారికి ఊతమైనది.

ఈలోపల 1965లో జాతివివక్ష నిర్మూలన ఒడంబడిక యేర్పడెను. అందు వర్ణము, జాతి యను పదములతోపాటు ‘వంశము’ అను పదమును చేర్పించినది భారతదేశ ప్రతినిధులే. 2001లో జాతివివక్షపై ప్రపంచమహాసభ జరిగెను. ఎచ్చటననుకొందురు? ఆ డర్బనులోనే. మన దేశమునుండి దళిత సంఘములవా రచ్చటికి పోయి, అస్పృశ్యతనుగూర్చి వినుడని వేడిరి. మన ప్రభుత్వ మంగీకరింపలేదు. కులము జాతి కాదు, మా రాజ్యాంగమే దానిని చూచుకొనుచున్నదని చెప్పెను. సభాప్రకటనలో కులమను మాట రానేలేదు. 2002లో ఆ యొడంబడిక సంఘము ‘వంశము’నందు కులమును చేరునని వ్యాఖ్యానించెను, దానినిగూడ మన ప్రభుత్వ మొప్పుకొనలేదు.

ప్రభుత్వవాదము శుష్కమని నేననను. కులము, జాతి ఒకటి కావు. రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను నిషేధించినమాట నిజము. స్మట్సుగారి రాజ్యమున నట్టి శాసనము లేదు. బలవంతపు రాజ్యములు హక్కులమాట చెప్పి బలహీనులను భయపెట్టుటయు మన మెఱిగినదే. ఇన్నియు నొప్పుకొన్నను, 1946లో మన చెవికి అన్యాయముగా తోచిన మాట 2001లో మన నోట న్యాయమెట్లయ్యెనో నాకు బోధపడలేదు.

ఢిల్లీవారిని విమర్శించుట సులభము. మన సంఘమో? పై కులములవారు మనల నెట్లు చూచిరో ప్రతి సంచికలోను వ్రాసికొనుచున్నాము, వ్రాసికొనవలసినదే. మన గ్రామములలో మనకు దిగువ నిలువబెట్టినవారినిగూర్చి యడిగినపుడు మాత్రము, అది ఊరికట్టుబాటు, పెద్దలు చూచుకొందురని మాట మార్చుచున్నాము. నిరుడు మన వసతిగృహములో రెండు గదులు ఖాళీగానుండగా, అన్యకులపు పేదవిద్యార్థి యొకడు వచ్చి యడిగెను. ఇది మన కులపు సొమ్ముతో కట్టినది గదా యని పంపివేసితిమి. నేనును కార్యవర్గములో నుంటిని. ఆనాడు నోరు మెదపలేదు.

అందుచేత వసతిగృహ నిబంధనలకు ఒక సవరణ వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చితిని: ఖాళీయైన గదులను కులము విచారింపక పేదవిద్యార్థుల కీయవలెను, వారి భోజనము తక్కినవారి పంక్తిలోనే జరుగవలెను. రెండవ వాక్యమునకే ఎక్కువ అభ్యంతరము వచ్చునని కార్యదర్శిగారు హెచ్చరించిరి. దాతలలో నెవరికైన అభ్యంతరమున్నయెడల ఈ సాయంకాలపు విషయనిర్ణయ సభలో లేచి చెప్పవలెనని కోరుచున్నాను.