చదరంగం పోటీలు: పిల్లల వయసు లెక్క

మీ పాపకు ఈ ఏడాది మార్చిలో పదేళ్లు నిండాయనుకోండి. ఈ ఏడాది పదేళ్లలోపు చదరంగం పోటీకి అర్హత పోయినట్టేనా? పోలేదండీ. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య చూసేది పోటీ జరిగే ఏడాది జనవరి 1. ఆ తేదీకి ముందే పదేళ్లు నిండితేనే పై విభాగానికి వెళ్లాలి. అంటే, నిరుడు డిసెంబరులో నిండినవాళ్లు పన్నెండేళ్లలోపు విభాగంలో ఆడాలి.

పిల్లలు సమ ఉజ్జీలతో తలపడాలనే ఈ హద్దు. అంచెలంచెలుగా ఎదగడానికీ ఇదే దారి. మన చదరంగ క్రీడాకారిణి కోనేరు హంపి పది, పన్నెండు, పద్నాలుగేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిళ్లు గెలిచారు. 2002లో, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు.

కాబట్టి తల్లిదండ్రులారా, పేరు నమోదు చేసేముందు జనన ధ్రువపత్రం తీయండి. జనవరి 1 గుర్తుపెట్టుకోండి. వయసు ఆ తేదీతోనే లెక్కచూడండి.