మోటారు పందెములలో గాలి పాలు

అమెరికా దేశమున స్టాక్ కార్ల పందెమను నొక వినోదము గలదు. బజారులో ఎవరైనను కొనగల కారువంటి దానినే పందెమున తోలవలెననుట దీని తొలి సంకల్పము. బిల్ ఫ్రాన్స్ అను నతడు 1948లో నాస్కార్ అను సంస్థను నెలకొల్పి, ఊరూర తోచినట్లు జరుగుచున్న ఈ పందెములకు ఒక కట్టుబాటు కల్పించెను. నేటి పందెపు కార్లకు బజారు కార్లతో మిగిలిన పోలిక పైరూపమున కొంత మాత్రమే. అయినను పేరు నిలిచినది. ఇంజను గురించి, టైర్ల గురించి ఈ పందెములలో వాదములు లేకపోలేదు. కాని పందెము రక్తి కట్టుటకుగాని, చప్పబడుటకుగాని హేతువేమని విచారించినచో, చర్చ తుదకు కంటికి కానరాని గాలి దగ్గరకు వచ్చి ఆగుచున్నది. గాలిని కారు ఎంతవరకు వాడుకొనవచ్చునో నిర్ణయించు నియమములను గూర్చి ఇప్పుడు ముచ్చటింతము.

పరుగెత్తు కారునకు గాలి రెండు విధముల తగులును. మొదటిది అడ్డగింపు. వేగము రెండింతలైనచో అడ్డగింపు నాలుగింతలగును; దానిని గెలుచుటకు కావలసిన ఇంజను బలము ఎనిమిదింతలగును. ఎదురుగాలిలో సైకిలు తొక్కువాడు లారీ వెనుక చేరగానే తొక్కుడు తేలికపడుట మనమెరిగినదే. అది ప్రాణములకు ముప్పు తెచ్చు అలవాటనుకొనుడు. కాని పందెపు బాటమీద అదే ఒక విద్య. 1960లో డేటోనా 500 మైళ్ళ పందెమునకు జూనియర్ జాన్సన్ తెచ్చిన షెవర్లే కారు పోటీదారుల పాంటియాక్ కార్లకంటె మందగమనము గలది. అభ్యాసము చేయునప్పుడు ఆయన వేగముగల కారు వెనుకనే అంటిపెట్టుకొని పోయి చూచెను. తన కారు తన శక్తికి మించి పరుగెత్తినది! ఆ కిటుకుతోనే ఆయన పందెము గెలిచెను. వెనుకనున్నవానికే కాదు, ముందున్నవానికి గూడ ఇందు లాభమున్నది. తన వెనుక లాగు సుడిగాలిని రెండవ కారు పూడ్చుటవలన రెండును కలిసి ఒంటరి కారుకంటె వేగముగా పోగలవు.

రెండవది అదుము బలము. విమానపు రెక్క గాలిచే పైకి లేచును గదా; అదే ఉపాయమును తలక్రిందులుగా వాడి కారును నేలకు అదిమిపెట్టవచ్చును. వెనుక డిక్కీ అంచున స్పాయిలర్ అను పలకను నిలుపుట, ముక్కు క్రింద స్ప్లిటర్ అను పలకను నేలకు సమీపముగా పరచుట ఇందుకొరకే. కారు నేలకు అదిమినకొలది టైరు పట్టు హెచ్చును. మలుపులో వేగము తగ్గింపనక్కరలేదు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ముందుపోవు కారు చీల్చి విడిచిన గాలి సుడులు తిరిగి బలహీనమగును. తిన్నని బాటమీద వెనుకవానికి అది మేలే. కాని మలుపునకు రాగానే అతని కారు ముక్కును అదుమవలసిన గాలి చాలదు. చుక్కాని త్రిప్పినను కారు తిరుగక వెలుపలి గోడవైపు జారును. అందుచేత వెనుకవాడు వేగము తగ్గింపక తప్పదు. తనకంటె మందకొడి కారును సైతము దాటలేక దాని వెనుకనే నలుబది చుట్లు తిరుగు చోదకుని అవస్థకు మూలమిదే. చెదరని గాలి ముందున్నవాని సొత్తు.

ఈ బలమును చోదకులకంటె ముందు కనిపెట్టినవారు కార్ల తయారీదారులు. 1969లో డాడ్జి కంపెనీవారు చార్జర్ డేటోనా అను కారును, మరుసటి యేట ప్లిమత్ వారు సూపర్ బర్డ్ అను కారును దింపిరి. ముందు వాడి ముక్కు, వెనుక దాదాపు రెండడుగుల ఎత్తున రెక్క. అట్టి డాడ్జి కారులోనే బడ్డీ బేకర్ 1970 మార్చిలో తల్లాడెగా బాటపై గంటకు 200 మైళ్ళు దాటెను. సంస్థవారు బెదరిరి. 1971 నుండి రెక్కల కార్ల ఇంజను 305 ఘనపుటంగుళములకు మించరాదని శాసించిరి. రెక్కలను నిషేధింపలేదు, వానిని నిరుపయోగము గావించిరి.

వేగము మాత్రము ఆగలేదు. 1987లో అదే తల్లాడెగాలో బిల్ ఎలియట్ గంటకు 212.809 మైళ్ళ వేగము సాధించెను. ఆ పందెముననే బాబీ ఆలిసన్ కారు టైరు చిట్లి, వెనుకకు తిరిగి, గాలిలోనికి లేచి ప్రేక్షకుల ముందున్న ఇనుప కంచెను చీల్చుకొని పోయెను. జనులు గాయపడిరి. ఒక మెట్టు తప్పినచో కారు జనసమూహముపై పడియుండెడిది. 1988 నుండి డేటోనా, తల్లాడెగా అను రెండు పెద్ద బాటలయందు ఇంజనునకు పోవు గాలిని తగ్గించు నాలుగు రంధ్రముల లోహపు పలకను తప్పనిసరి చేసిరి. ప్రేక్షకుల ప్రాణరక్షణకు అది అవసరమే. దానిని తప్పుపట్టువారు మాకు కనబడలేదు. అయితే దాని ఫలము వింత. అందరి ఇంజన్లు సమముగా నీరసించుటచేత ఎవడును ఎవనినుండియు విడిపోలేడు. నలుబది కార్లు గుంపుగా, అంగుళముల ఎడముతో, గంటకు 190 మైళ్ళ వేగమున పోవుట అలవాటాయెను. ఒకడు తొట్రుపడినచో వెనుకనున్న పదిమంది వానిపై పడుదురు.

ఇక ఈ కథలో మేము ముఖ్యముగా చెప్పదలచినది 2000, 2001 సంవత్సరముల సంగతి. 2000 ఫిబ్రవరిలో జరిగిన డేటోనా 500 మైళ్ళ పందెము మిక్కిలి చప్పగా సాగినది. పందెమంతటిలో అగ్రస్థానము చేతులు మారినది 9 సార్లు మాత్రమే. ఏడుసార్లు జాతీయ విజేతయైన డేల్ ఎర్న్‌హార్ట్ స్వయముగా ఆ పందెమును బహిరంగముగా నిందించెను. సంస్థవారు నియమము మార్చిరి. ఆ యేటి అక్టోబరులో తల్లాడెగా పందెమునకు కారు పైకప్పుపై అడ్డముగా ఒక సన్నని పట్టీని పెట్టించిరి. పట్టీవలన కారు వెనుక సుడిగాలి పెద్దదగును, వెనుకవానికి ఊతము హెచ్చును. ఫలితము అద్భుతము. అగ్రస్థానము 49 సార్లు మారెను. చివరి అయిదు చుట్లలో 18వ స్థానమునుండి మొదటి స్థానమునకు వచ్చి ఎర్న్‌హార్ట్ గెలిచెను. అది ఆయనకు 76వ గెలుపు. అదే కడపటిది.

2001 ఫిబ్రవరి 18న డేటోనాలో అదే నియమముతో పందెము జరిగెను. అక్కడను అగ్రస్థానము 49 సార్లే మారినది. చూచువారికి కన్నుల పండువు. 173వ చుట్టులో 18 కార్లు ఒకదానిపై నొకటి పడెను. కడపటి చుట్టు, కడపటి మలుపు. ముందు పోవుచున్న రెండు కార్లును ఎర్న్‌హార్ట్ జట్టువే. ఒకదానిలో మైకేల్ వాల్‌ట్రిప్, రెండవదానిలో కన్నకుమారుడు. మూడవవాడుగా వచ్చుచున్న ఎర్న్‌హార్ట్ కారు మరియొకదానిని తాకి గోడను గ్రుద్దుకొనెను. కపాలమూలము చిట్లి ఆయన మరణించెను. ఆ యేటి అక్టోబరులో తలను మెడను బిగించి యుంచు కట్టును చోదకులందరకు తప్పనిసరి చేసిరి. ఆనాడు అది ఆయనకు లేదు. పైకప్పు పట్టీయే ఆయనను చంపినదనుట న్యాయము గాదు. చంపినది గోడ. కాని 9ని 49 చేసిన గాలియే ఆ గుంపును గూడ కూర్చినదను మాట కాదనలేము. చేతులు మారిన సంఖ్యనుబట్టి పందెపు నాణ్యము కొలుచువారు ఆ రెండు పందెములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.

మైలున్నర పొడవు గల సామాన్య బాటల చిక్కు వేరు. అచ్చట గుంపు కాదు, దాటలేకపోవుటయే వ్యాధి. 2015 జూలైలో సంస్థవారు ఒకే నెలలో రెండు విరుద్ధమైన చికిత్సలు చేసి చూచిరి. కెంటకీలో స్పాయిలర్‌ను మూడున్నర అంగుళములకు తగ్గించిరి. కార్లు మలుపులలో జారినవి, చోదకులు యాక్సిలరేటరునుండి కాలు తీయవలసి వచ్చినది, దాటుటకు వీలు దొరకినది. పెక్కుమంది చోదకులు మెచ్చిరి. రెండు వారములకే ఇండియానాపోలిస్‌లో 9 అంగుళముల స్పాయిలర్ నిలిపి, అడ్డగింపు హెచ్చించినచో వెనుకవాడు దూసుకు వచ్చునని ఆశించిరి. ఆ ఆశ నెరవేరలేదు. అంతటి పలక వెనుక గాలి మరింత చెదరి మలుపులో దారి మూసెను. 2016, 2017లలో తక్కువ అదుముడు మార్గమునే అనుసరించిరి. 2019లో మరల వెనుకకు మరలి, 8 అంగుళముల స్పాయిలర్‌ను, మైలుకు మించిన పెక్కు బాటలపై 550 అశ్వశక్తి ఇంజనును విధించిరి. కార్లు దగ్గర దగ్గరగా పోయినవి. కాని చుట్టంతయు కాలు తీయక నొక్కియుంచుటలో నేర్పేమున్నదని అడిగినవారికి సరియైన సమాధానము రాలేదు. మా అభిప్రాయమున కెంటకీ పరీక్షయే సరియైన దారి చూపినది.

2022లో వచ్చిన కొత్త కారునందు ఉపాయము మారినది. కారు అడుగును సమతలము చేసి, వెనుక భాగమున క్రిందుగా గాలిని లాగు మార్గము అమర్చిరి. 2024 మేలో కాన్సస్ బాటపై కైల్ లార్సన్, క్రిస్ బుషర్‌ను సెకనులో వెయ్యవ వంతు తేడాతో ఓడించెను. ఆ సంస్థ ప్రధాన పందెములలో అంత సన్నని ముగింపు అదివరకెన్నడును లేదు. మైలున్నర బాట ఇట్లు బ్రదికినది. కాని మార్టిన్స్‌విల్ వంటి అర మైలు చిన్న బాటలు, వెనుకటి కాలమున ఒరపిడికి ప్రసిద్ధిగన్నవి, చప్పబడినవి. వెడల్పయిన టైర్లకు, పెద్ద బ్రేకులకు 670 అశ్వశక్తి చాలక అందరును ఒకే వేగమున పోవుచుండిరి. 2023లో అట్టి బాటలకు స్పాయిలర్‌ను రెండంగుళములకు తగ్గించినను చాలలేదు. తుదకు 2025లో సంస్థవారు, మైలున్నరకు తక్కువైన బాటలపైనను, మెలికల రోడ్డు పందెములలోను 2026 నుండి 750 అశ్వశక్తి ఇత్తుమని ప్రకటించిరి. ఈ మారు చేయి పెట్టినది గాలిమీద కాదు, ఇంజనుమీద. బలము హెచ్చినచో మలుపు వెలుపలికి వచ్చునప్పుడు వెనుక చక్రములు జారును, టైర్లు త్వరగా అరుగును, కాలిని అదుపులో నుంచుకొనలేనివాడు వెనుకబడును.