పెరటి రామములగ – ఇంటి విత్తనం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి ముందు వక్తలు చెప్పారు. నన్ను పెరటి తోట గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాను. 36 ఏళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను.

మా ఇంట్లో నాటు టమాటా మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది. మా వైపు పాతవాళ్లు రామములగ అంటారు. కాయ చిన్నది, ముచ్చిక దగ్గర నొక్కులు, తోలు పలచన, పులుపెక్కువ. ఆ కాయలతో చారు పెడితే చింతపండు అక్కర్లేదు. 2017లో ఆమె కాలం చేశాక నేను హైబ్రిడ్ నారు తెచ్చి వేశాను. కాయలు నున్నగా బాగానే కాశాయి. వాటి గింజలే మరుసటి ఏడు వేస్తే ఒక్కో మొక్క ఒక్కో తీరు! హైబ్రిడ్ రెండు రకాల సంకరం కనుక దాని గింజలో ఆ గుణం నిలవదు. నాటు రకం అలా కాదు. టమాటా పువ్వు సాధారణంగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. ఏటా అదే కాయ వస్తుంది.

2020 లాక్‌డౌన్‌లో బీరువా సర్దుతుంటే ఓ కవరు దొరికింది. పైన ఆమె చేతిరాత: "రామములగ, 2016". ఇరవై గింజలు వేస్తే మూడే మొలిచాయి. ఆ మూడు మొక్కల సంతానమే నేటి నా పెరడు.

పద్ధతి చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న మొక్క నుంచి బాగా పండిన కాయ కోయండి. గింజలు గుజ్జుతో సహా గ్లాసులో వేసి, కాస్త నీళ్లు పోసి రెండు రోజులు పులియనివ్వండి. గింజ చుట్టూ ఉన్న జిగురు వదులుతుంది. తేలినవి పారబోసి, మునిగినవి కడిగి పళ్లెంలో నీడన ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అంటుకుపోతాయి. పూర్తిగా ఆరాక పొట్లం కట్టి, పేరు, సంవత్సరం రాసి సీసాలో దాచండి. వానలు తగ్గుముఖం పట్టాక నారు పోసి, 25–30 రోజులకు రెండడుగుల ఎడంగా సాయంత్రం పూట నాటండి. నారులో నీరు నిలిస్తే మొదలు కుళ్లుతుంది. ఆకుముడత వచ్చిన మొక్కను పీకేయండి; తెల్లదోమ దాన్ని పక్క మొక్కలకు మోస్తుంది.

ఇది డబ్బు ఆదా కోసం కాదు. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు నా పెరట్లోనూ కాయ లేదు. మండువేసవిలో పూత నిలవదు కదా!

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. విత్తనానికీ అది తప్పదు. బీరువాలో పెట్టి మరిస్తే నాలుగేళ్లకే ఇరవైకి మూడు. ఒక్క ఇంట్లోనే ఉంటే ఆ ఇంటితోనే పోతుంది. అందుకే నలభై పొట్లాలు కట్టి తెచ్చాను. షరతు ఒక్కటే: వచ్చే సమావేశానికి మీరూ ఒక పొట్లం తేవాలి. అప్పటికి నేను లేకపోతే పక్క కుర్చీలో ఉన్నవారికి ఇవ్వండి.