తోడు నిలిచినవారికి తొలి సత్కారం
(సత్కార సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆలయ జీర్ణోద్ధరణ పూర్తియై మహాకుంభాభిషేకం జరుగుతున్న ఈ శుభవేళ, సహకరించిన వారిని సత్కరించే సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు నన్ను ఆదేశించినారు. సత్కారమనగానే మనకు శాలువా, పూలదండ గుర్తుకు వస్తాయి. మన పెద్దలు అంతకంటే లోతుగా ఆలోచించినారు.

ప్రతిష్ఠలో మూర్తికి కన్నులు తెరిచేది స్థపతి. నయనోన్మీలనం కాగానే ఆయనను వస్త్ర దక్షిణలతో తృప్తిపరచి, ఆ మీదటనే ఆచార్యుడు తక్కిన క్రతువుకు పూనుకొంటాడు. ముందు ఉలి పట్టిన చేతికి గౌరవం, తరువాత మంత్రం చదివే నోటికి అధికారం. ఈ వరుస ఎందుకు పెట్టినారో నాకు చాలాకాలం బోధపడలేదు.

ఈ ధర్మం ఆలయానికే పరిమితం కాదు, సేవాసంస్థలకూ వర్తిస్తుంది. మీరందరూ జైపూర్ కాలు గురించి వినే ఉంటారు. 1968 ప్రాంతంలో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో వైద్యులు ప్రమోద్ కరణ్ సేఠీ గారు, హస్తకళాకారులు రామచంద్ర శర్మ గారు కలిసి దానిని రూపొందించినారు. అంతకుముందు దొరికే కృత్రిమ పాదాలకు బూటు తొడగవలసిందే. బాసింపట్టు వేసుకొని కూర్చోవడం, పొలం బురదలో నడవడం, గుడిలో అడుగుపెట్టడం వాటితో దుస్సాధ్యం. శర్మ గారు పెద్ద చదువులు చదివినవారు కారు, చేతిపనిలో మాత్రం నిపుణులు. టైర్లకు వాడే రబ్బరును అచ్చులో పెట్టి కాచే పద్ధతి ఈ పాదానికి ఉపకరించింది. దానితో చెప్పులు లేకుండా నడవవచ్చు, దైవ సన్నిధిలో ప్రదక్షిణ చేయవచ్చు.

1975లో దేవేంద్రరాజ్ మెహతా గారు స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ సేవను ఉచితంగా లక్షలాది మందికి అందించింది. అదీ ఒంటరిగా కాదు. తేలికైన పాలీయురేథేన్ పాదానికి ఇస్రో, మోకాలి కీలుకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తోడు నిలిచినాయి. 1981లో ప్రమాదం వలన కాలు కోల్పోయిన సుధాచంద్రన్ గారు జైపూర్ కాలితోనే మరల నాట్యమాడినారు. ఆ కథను మన తెలుగువారు ‘మయూరి’ చిత్రంలో చూసినారు.

1981లోనే సేఠీ గారిని రామన్ మెగసెసే పురస్కారం వరించింది. ఆయన అందుకు సర్వవిధాల అర్హులు. శర్మ గారి పేరు మాత్రం నేటికీ కొద్దిమందికే తెలుసు.

ఎవరినో తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ తప్పు నేనూ చేసినాను. చాలా ఏండ్ల క్రితం వేరొక గ్రామంలో ప్రతిష్ఠకు ఆచార్యత్వం వహించినాను. హోమగుండాలు కట్టి, యాగశాలకు ఐదు రోజులూ నీరు మోసిన వృద్ధుడొకరు అక్కడ ఉండేవారు. సత్కారాల జాబితా వ్రాసినది నేనే. చివరిరోజు పేర్లు చదువుతుండగా ఆయన కండువా సవరించుకొని మెట్ల దగ్గర నిలుచున్నారు. జాబితా ముగిసింది, ఆయన పేరు రాలేదు. నాకు నమస్కరించి వెళ్ళిపోయినారు. మరుసటి ఏడు వస్త్రాలు తీసుకొని వెళ్ళేసరికి ఆయన కాలం చేసినారు. వాటిని ఆయన కుమారుని చేతిలో పెట్టి వచ్చినాను. స్థపతి సత్కారాన్ని ముందు ఎందుకు పెట్టినారో ఆనాడు తెలిసింది. చివరికి వదిలితే మరచిపోతాం.

అందుకే ఈ సభలో శిల్పులు, తాపీ పనివారు, వంటవారు, ఇసుక మోసిన వారి పేర్లు మొదట చదవమని కార్యవర్గం వారిని కోరినాను. వారు సంతోషంతో అంగీకరించినారు. దాతలారా! మీ పేర్లు వారి తరువాత వస్తాయి. దానిని లోపంగా భావించవద్దు. మీ ధనం రాయిగా మారింది, ఆ రాయి వారి చేతుల మీదుగా ఆలయమైంది. ఈ సంచికలో మీ పేరున్న పుట తెరిచినప్పుడు దాని ముందరి పుట కూడా ఒకసారి చదవండి. ఆ పేర్లు మీ పిల్లలకు చెప్పండి.

స్వామివారి అనుగ్రహం మీ అందరి మీద సమంగా ప్రసరించు గాక!

శుభం భూయాత్.